పదిహేడో బ్రాంచి

బెండకాయలు సగం తరిగేసరికి అత్తగారు వెనక గదిలోంచి పిలిచింది. నవనీత కత్తిపీట ముందునుంచి లేస్తూ, తరిగిన ముక్కలకూ తరగని కాయలకూ మధ్య ఒక బెండకాయను అడ్డంగా పెట్టింది. అత్తగారి మోకాళ్ళకు నూనె వెచ్చబెట్టి ఇచ్చి వచ్చేసరికి పాలు అంచుదాకా వచ్చాయి. పాలు దించేలోపు కింది వాటాలోంచి ప్రమీలమ్మ, "నవనీతా, నల్లా వచ్చింది, బిందెలు తే!" అని కేకేసింది. నాలుగు బిందెలు మోసి, కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ కూర్చున్నప్పుడు, ఎక్కడ ఆపిందో వెతుక్కునే పని లేకపోయింది. అడ్డంగా ఉన్న కాయే చెప్పింది. అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

తను రాసిన ఆ కంప్యూటర్ ప్రోగ్రాం ఎట్లా తట్టిందని ఎవరైనా అడిగి ఉంటే నవనీత ఈ బెండకాయ సంగతే చెప్పేది. ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే మాట.

అది తొంభై తొమ్మిది మార్చి. పెళ్ళయి నెల. తార్నాక అయిదో వీధిలో పైవాటా రెండు గదుల్లో ఏది చూసినా ఆమెకు ముద్దొచ్చే రోజులు. గూట్లో పక్కపక్కన రెండు బ్రష్షులు, కొత్త కుక్కర్ వేసే సన్నటి కూత, కిటికీ ఊచకు ఆరేసిన అతని కర్చీఫు. పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచి వెళుతూ, దారిలో రాలిన పసుప్పచ్చ పూలను తొక్కకుండా పక్కకు అడుగేసేది. అత్తగారి ముందు మొగుణ్ణి "మీరు" అనేది. వీధి మలుపు తిరిగి స్కూటర్ ఊపందుకోగానే "నువ్వు" అనేది. ఆ మలుపు కోసమే ఆమె ఆదివారాలు ఎదురుచూసేది.

మొగుడు భూపాల్ కాచిగూడలో ఒక పార్శిల్ కంపెనీలో కంప్యూటర్ల ఇన్‌ఛార్జి. కంపెనీ యజమాని కొమురెల్లి. ఒక్క లారీతో మొదలుపెట్టి పన్నెండు ఊళ్ళకు బ్రాంచీలు పెట్టిన మనిషి. అందరూ సేట్ అంటారు. రోజూ మధ్యాహ్నం వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి బుకింగ్‌ల జాబితాలు టెలిఫోన్ లైను మీద హెడ్డాఫీసు కంప్యూటర్‌కు రావాలి. సగంలో లైను తెగేది. తెగితే మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ తెగేది. జాబితా రాకముందే లారీ వచ్చి గుమ్మం ముందు నిలబడేది. "నా బతుకు ఫోన్ తీగకు ఏలాడుతున్నదే," అని భూపాల్ స్కూటర్ మీద వాపోయేవాడు. వెనక కూర్చుని ఆమె ఆ బాధను కూడా ఇష్టంగా వినేది. మొగుడు అతని కష్టాన్ని తనకే చెప్పుకుంటున్నాడు మరి.

నవనీత ఎంసీఏ చదివింది. క్యాంపస్ కంప్యూటర్ సెంటర్లో టెంపరరీ ప్రోగ్రామర్. ఆ సెంటర్లోకి చెప్పులు బయట విడిచి వెళ్ళాలి, దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని. గుమ్మం బయట బూట్ల వరసలో ఆడవాళ్ళ చెప్పులు రెండే జతలు: ఆమెవీ, సెంటర్ ఇన్‌ఛార్జి పద్మావతి మేడమ్‌వీ. లోపల మూలన ఎవరూ ముట్టని ఒక పాత కంప్యూటర్ ఉండేది. దాంట్లో ఆమె ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోని లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. ఎక్కడెక్కడివాళ్ళో రాసి, ఊరికే ఇచ్చేసిన సరుకు అది. మూత తీసి లోపల ఎట్లా కట్టారో చూసుకోవచ్చు. నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఇంకొకరికి ఇవ్వొచ్చు. వ్యాపారానికీ వాడుకోవచ్చు. దాంతో వచ్చిన లైసెన్సు కాగితాన్ని అచ్చు తీసుకుని, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఉప్పూకారం అద్దిన జామకాయ తింటూ మొత్తం చదివింది. ఎవరు రాసినా ఫైలు మొదట్లో పేరూ తేదీ పెడతారు. తరువాతివాళ్ళు ఎంత మార్చినా, కింద తమ పేరు చేర్చుకోవచ్చు గాని పై పేరు తీసెయ్యకూడదు. కాగితం చివర ఇంకో మాట ఉంది: ఉపయోగపడుతుందన్న ఆశతో ఇస్తున్నాం, గ్యారంటీ మాత్రం ఏమీ లేదు.

"ఈ ముక్క పెళ్ళిపత్రికల మీద గూడ అచ్చేయించాలె," అంది ఆ సాయంత్రం స్కూటర్ మీద. భూపాల్ ఎంత నవ్వాడంటే స్కూటర్ హబ్సిగూడ వైపు వెళ్ళే బస్సుకు అడ్డం పోయింది.

మూడు వారాలు మధ్యాహ్నం డబ్బా తినే గంటలో రాసింది. లైను తెగితే, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ అడ్డంగా ఒక గుర్తు. మళ్ళీ లైను దొరగ్గానే ఆ గుర్తు దగ్గర్నుంచి. పదిసార్లు తెగనీ, యాభైసార్లు తెగనీ. ఎన్ని బ్రాంచీలకు చోటు పెట్టాలా అని ఆలోచించింది. వాళ్ళ ఇంట్లో అప్పుడే పదహారు రోజుల పండుగ అయింది, గాజుల మెరుపు ఇంకా పోలేదు. పదహారు అని పెట్టి, పక్కన "పదహారు చాలనుకుంటా" అని ఇంగ్లీషులో ఒక ముక్క రాసుకుని తనలో తనే నవ్వుకుంది. ఫైలు పైన పేరు పెట్టింది. నవనీత, తార్నాక, హైదరాబాద్. తేదీ. కింద ఆ లైసెన్సు మాటలే చేర్చి, లైనక్స్ వాడేవాళ్ళ ఈమెయిల్ గుంపులో అందరికీ పంపింది.

మూడో రోజు పూనా నుంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రెండు వాక్యాలు రాశాడు. మా దగ్గర బాగా పనిచేస్తోంది, కృతజ్ఞతలు అని. నవనీత దాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందని ఎవరూ చెప్పరు, సరిపోనప్పుడే చెబుతారు. అది తప్పు అని ఆమెకు అప్పటిదాకా తోచనే లేదు. ఈ రెండు వాక్యాలు వచ్చాకే, ఉప్పు సరిపోయిన రోజులన్నీ ఎక్కడికి పోయాయా అనిపించింది.

భూపాల్ దాన్ని ఆఫీసుకు తీసుకుపోతానన్నాడు. "తీస్కపో, ఎవరైనా తీస్కపోవచ్చు," అంది, టీ గ్లాసు అందించినంత తేలిగ్గా. సేట్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదట. ఆయన ఎట్లా అన్నాడో భూపాల్ ఇంటికొచ్చి గొంతు మార్చి నటించి చూపించాడు.

"'ఫుకట్ల ఎవడన్న ఇస్తడా భూపాల్? కొన్నదైతే అమ్మినోని గల్లా పట్టుకుంట. రేపు గిది ఆగిపోతే నేనెవని గల్లా పట్టుకోవాలె?' అన్నడు. నేనేమన్ననో ఎర్కనా? 'నాది పట్టుకోండ్రి సేట్. నా గ్యారంటీ' అన్న."

"నిజంగ అన్నవా?"

"అన్న మరి!"

ఆమె ఒళ్ళు గర్వంతో పులకరించింది. తన పని మీద తన మొగుడికి అంత నమ్మకం. ఆ రోజు అతను చౌరస్తాలో మిర్చిబజ్జీలు కట్టించుకొచ్చాడు, మధ్యలో ఉల్లిపాయ పెట్టినవి. ఇద్దరూ డాబా మీద పిట్టగోడకు ఆనుకుని తిన్నారు. గ్యారంటీ ఇచ్చింది అతను, గ్యారంటీగా పెట్టింది తనను అని ఆ కారంలో ఆమెకు తెలియలేదు.

తరువాత వరసగా ఆదివారాలన్నీ కాచిగూడలోనే. ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో కంప్యూటర్లో ఎక్కించేది. భూపాల్ చాయ్ తెచ్చేవాడు, ఫ్యాన్ ఇటు తిప్పేవాడు, "ఎంత ఉషారే నువ్వు" అనేవాడు. మిగతా రోజుల్లో సెంటర్‌కు ఫోన్ చేసేవాడు. ఆమె చెబితే అతను అక్కడ కొట్టేవాడు. "ఇప్పుడేం కొట్టాలె? కొట్టిన. ఇప్పుడు?" ఫోన్ పెట్టేసి వచ్చి, తన పని ఎక్కడ ఆపిందో అక్కడినుంచి మొదలుపెట్టేది. అది ఆమెకు అలవాటే.

జూలైలో ఆఫీసులో పూజ పెట్టారు. లైను తెగి జాబితా ఆగడమన్నది లేక రెండు నెలలు దాటింది. నవనీత పెళ్ళిపట్టుచీర కట్టుకుని వెళ్ళింది. సేట్ భార్య వేదవతి ఎదురొచ్చి బొట్టు పెట్టి, చేతిలో ప్రసాదం పొట్లం పెట్టి, ఆడవాళ్ళ వరసలో కూర్చోబెట్టింది. కొబ్బరికాయ కొట్టారు. కంప్యూటర్‌కు కుంకుమ పెట్టారు. అందరూ చూస్తుండగా సేట్ మీట నొక్కాడు. తెర మీద మొదటి వరస పడింది. ఆ వరసలో భూపాల్ పేరుంది. పేరు కింద, సిస్టమ్స్ ఇన్‌ఛార్జి అని ఉంది. ఇది వేరే ఎవరిదో ప్రోగ్రాం కాబోలు అనుకుంది ఆమె. నిజంగానే ఒక్క క్షణం అట్లా అనుకుంది, అమాయకంగా, కొంచెం కుతూహలంగా కూడా. తరువాతి వరసలో తన మాటలు వచ్చాయి. ఎక్కడ తెగిందో అక్కడినుంచి మొదలుపెడుతున్నాను, అని.

"అమ్మా, మీ ఆయన బుర్ర బంగారం," అన్నాడు సేట్, పోయేటప్పుడు. "మంచిగ తినవెట్టు, బాగ సూస్కో. ఆయన మంచిగుంటే నా లారీలు మంచిగుంటయ్."

ఆమె నవ్వి తలూపింది. పొట్లంలోని పులిహోర నూనె పట్టుచీరకు అంటింది.

స్కూటర్ విద్యానగర్ దాటింది. తరువాత అడిగింది. "నా పేరు తీసేసినవా?"

"ఏందే, నీ పేరు నా పేరు అని మనల మనకా? ఇంట్ల ఆడామె రాసిందంటే సేట్ నవ్వడా? గ్యారంటీ నాదైనంక పేరు నీదుంటే ఎట్లుంటది, నువ్వే చెప్పు."

"పైన పేరు తీసెయ్యొద్దని కాగితంల ఉన్నది. ఊరికే ఇస్తరు గని, ఆ ఒక్కటే అడుగుతరు."

"ఆ కాగితం సదివెటోడెవ్వడు? ఏంది, మొగుని మీద కోర్టుకు వోతవా?" అతను పెద్దగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అతని నవ్వును ఎప్పుడో మరిచిపోయేదేమో గాని, తన నవ్వును మాత్రం మరిచిపోలేకపోయింది.

"మీరు ముందు చూసి నడపండి," అంది. ఇంటి వీధి మలుపు ఇంకా దూరంగా ఉంది. స్కూటర్ మీద ఆమె నోట "మీరు" వచ్చిందని అతను గమనించలేదు.

మనసు ఆగక నవనీత ఈ సంగతి తన అత్తగారైన సమ్మక్కకు చెప్పింది. సమ్మక్క గయ్యాళి కాదు. మోకాలికి నూనె రాసుకుంటూ అంతా విని, చెయ్యి ఆపకుండానే, "పేరుదేమున్నది బిడ్డా," అంది. "నలభై ఏండ్లు నాట్లేసిన, కలుపుదీసిన. పాసుబుక్కుల మీ మామ పేరే ఉండె. గట్టయ్య పొలం అంటరు. నేనేమన్న బాధపడ్డనా?" అని, ఎవరూ అడగకుండానే, "పడలే," అంది. రెండోసారి అనవలసిన అవసరం ఏముందో నవనీత అడగలేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఆగస్టు ఒక ఎత్తు. సెంటర్లో పర్మనెంట్ ప్రోగ్రామర్ పోస్టు పడింది. ఒక్కటే పోస్టు. సెప్టెంబరు చివరికల్లా టెంపరరీవాళ్ళను తీసేస్తారు. సొంతంగా చేసిన పని ఏమిటో రాయమని దరఖాస్తులో ఒక గడి ఉంది. ఆ గడిలో ఆమె ఒక్క దాన్నే రాసింది. ఆమెకు ఉన్నది అదొక్కటే. ఆ ఉద్యోగం వస్తే పేరు పోయిన బాధ ఎట్లాగో దిగమింగొచ్చు, తన బల్లా తన కుర్చీ తనకుంటాయి అనుకుంది. కుర్చీ వెనక శాలువా తగిలించుకోవడం కూడా ఊహించుకుంది. ఏసీ చల్లదనానికి ఆమెకు ఎప్పుడూ చేతులు కొంకర్లు పోతాయి.

ఇంటర్వ్యూ రోజు పొద్దున భూపాల్ బూటు లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "అన్నట్టు, గా ప్రోగ్రాం సంగతి ఆడ ఎత్తకు. సేట్ దాన్ని ఇంకో రెండు కంపెనీలకు అమ్మిండు. నా పేరు మీదనే అమ్మిండు. నీదని తెలిస్తే మోసం జేసిన అంటడు. నా నౌకరి వోతది నవనీతా."

"అప్లికేషన్ల రాసింది అదొక్కటే."

"ఇంకేదన్న చెప్పు. నీకేం, చదువుకున్నదానివి." దగ్గరికొచ్చి ఆమె చెవి వెనక జారిన పిన్ను సరిచేశాడు, నిజమైన ప్రేమతోనే. అతన్ని దుర్మార్గుడనుకుని అసహ్యించుకునే సుఖం కూడా ఆమెకు దొరకలేదు.

గదిలో ముగ్గురున్నారు. పద్మావతి మేడమ్ ఒక పక్కన. మధ్యలో బయటినుంచి వచ్చిన నిపుణుడు. ఆయన దరఖాస్తు చదివి, తన సంచిలోంచి ఒక రంగుల కరపత్రం తీసి బల్ల మీద పెట్టాడు. పార్శిల్ కంపెనీది. అమ్మకానికి ఆ సాఫ్ట్‌వేర్ ఉందని, రూపకర్త భూపాల్ అని.

"భర్త పేరు భూపాల్ అని రాశారు. ఆయనేనా అమ్మా?"

"అవును సార్."

"మరి ఇది ఆయన రాసిందా, మీరు రాసిందా?"

ఆమె దగ్గర జవాబుంది. ఈమెయిల్ గుంపులో తను పంపిన తేదీ ఉంది, పూనా నుంచి వచ్చిన రెండు వాక్యాలున్నాయి, పక్కగదిలోని మిషన్ మీద తీసి చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు. పద్మావతి మేడమ్ ఆ జవాబు కోసమే ఆమె ముఖంలోకి చూస్తోంది. నవనీతకు పొద్దున చెవి వెనక సరిచేసిన పిన్ను గుర్తొచ్చింది. అటూ ఇటూ కాని ఒక దారి ఉంటుందని, ఎవరికీ దెబ్బ తగలని మాట ఒకటి ఉంటుందని, ఆడపిల్లగా పుట్టినప్పటినుంచీ నేర్చుకున్నది ఆ ఒక్క క్షణంలో పనిచేసింది.

"ఇద్దరం కలిసి రాసినం సార్."

"ఓహో. అయితే అందులో మీరు రాసిన భాగమేది?"

ఆమె నోరు తెరిచింది. మొత్తం తనే రాసిన మనిషి అందులో తన భాగం ఏదని చూపించగలదు? ఏ ముక్క చూపించినా మిగతాది అతనికి ఇచ్చేసినట్టే. ఆ లెక్క తేలక ఆమె చూస్తూ ఉండిపోయింది. నిపుణుడు జాలిగా నవ్వి, "పరవాలేదమ్మా, ఇంట్లో సాయం చేయడమూ మంచిదే," అని కాగితం తిరగేశాడు.

బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు పద్మావతి మేడమ్ వెనకే వచ్చింది. "ఎందుకట్లా అన్నావు?" అంది మెల్లగా. "నువ్వు ఆ మూల కూర్చుని రాయడం నేను చూశాను. కాని నువ్వే కలిసి రాశామన్నాక నేనేం మాట్లాడను?" నవనీత చెప్పు పట్టీ రెండుసార్లు జారింది. కోపం ఎవరిమీద తెచ్చుకోవాలో వెతికితే, దగ్గర్లో తనే కనిపించింది.

పోస్టు వేరే అతనికి వచ్చింది. అతను మంచివాడే. చేరిన రోజు ఆమె దగ్గరికొచ్చి, "మేడమ్, గుంపుల మీరు పంపిన ప్రోగ్రాం చూసిన. కమాల్ చేసిన్రు," అన్నాడు. ఆమె థ్యాంక్స్ చెప్పి, మూలన ఉన్న పాత మిషన్ ఎట్లా వాడాలో అతనికి చూపించింది. మూడు వారాల్లో ఆమె రావడం మానేస్తుంది. గుమ్మం బయట ఆడవాళ్ళ చెప్పులు ఒక్క జతే మిగులుతాయి.

సెప్టెంబరులో ఒక ఆదివారం. పొద్దున పది గంటలవుతోంది. నవనీత బెండకాయలు కడిగి, ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి కత్తిపీట ముందు పోసుకుంది. లేత కాయలు. కొస విరిస్తే టక్కుమన్నాయి. ఆ చప్పుడు ఆమెకు ఇప్పటికీ ఇష్టమే. అదొక్కటి ఎవరూ తీసుకుపోలేదు.

భూపాల్ స్కూటర్ తాళంచెవి తిప్పుకుంటూ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "నడువ్, జల్ది. సేట్ ఆఫీసుల కూసున్నడు. గా ప్రోగ్రాం కొన్నోళ్ళు నిన్న సిరిసిల్లల ఇంకో బ్రాంచి తెరిచిన్రు. పదిహేడోది. అది ఎక్కంగనే అంతా బందయింది. ఏ బ్రాంచిదీ వస్తలేదు."

ఎందుకు ఆగిందో ఆమెకు వెంటనే తెలిసింది. పదహారు చాలనుకుంటా. ఆ ముక్క ఎన్నో వరసలో ఉందో కూడా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఒక్క అంకె మార్చాలి. అతనూ మార్చొచ్చు, ఎవరైనా మార్చొచ్చు, అంతా తెరిచే ఉంది. కాని తెరిచి చూసే ఓపిక అతనికి ఎప్పుడూ లేదు. చూడవలసిన అవసరమూ రాలేదు.

"పది నిమిషాల పని నీకు," అన్నాడు అతను. "వాపసొచ్చి తరుగుదువు తియ్."

వెనక గదిలోంచి సమ్మక్క, "కోడలా, నూనె గిన్నె ఏడవెట్టినవ్?" అని పిలిచింది. కింద నల్లా వచ్చినట్టుంది, బిందెల చప్పుడు మొదలైంది.

వెళ్ళకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పెద్దగా ఏమీ కాదు. అతను వారం రోజులు అలుగుతాడు. ఆ అలకకు తనే అన్నం వడ్డించాలి. ఎవరో ఒకర్ని పట్టుకొస్తారు, వాళ్ళు ఒక పూటంతా వెతికి ఆ అంకె మారుస్తారు, పైన భూపాల్ పేరు అట్లాగే ఉంటుంది. పోయిన పోస్టు తిరిగి రాదు. ఆ గదిలో అన్న మాట వెనక్కి రాదు. వెళితే మాత్రం పద్దెనిమిదో బ్రాంచికీ, ఇరవయ్యో దానికీ కూడా వెళ్ళాలి. అంతే తేడా.

అలవాటుగా ఆమె చెయ్యి ఒక బెండకాయ మీదికి పోయింది, అడ్డంగా పెట్టడానికి. దాన్ని తీసి చూసింది. కత్తిపీట మీద పెట్టి తరిగింది. ఆ తరువాతిదాన్ని తీసుకుంది.

"వినవడ్తలేదా? నేను గ్యారంటీ ఇచ్చిన నవనీతా. నా గల్లా పట్టుకుంటడు."

ఆమె తలెత్తలేదు. ముక్కలు సమానంగా పడుతున్నాయి. "ఉపయోగపడుతదన్న ఆశతోనే ఇచ్చిన," అంది. "గ్యారంటీ నేనెప్పుడూ ఇయ్యలే."